ఫొటో వాక్ గ్రూపులు సరే, పనికిరాని ఫొటోలు పీకేసే గ్రూపు ఏదీ? బరంపురం వైపు నుంచి చూస్తే స్ట్రీట్ ఫొటోగ్రఫీ కలెక్టివ్‌లు

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, ఇటు ఇచ్ఛాపురం, సోంపేట వైపు ఆదివారం పొద్దున్నే కెమెరా మెడలో వేసుకుని రోడ్డెక్కే కుర్రాళ్ళకి ఇప్పుడు కొదవలేదు. వాట్సాప్ గ్రూపులున్నాయి, ఫొటో వాక్‌లున్నాయి, చివర్లో టీ బడ్డీ దగ్గర ఒక గ్రూప్ ఫొటో దిగుతారు, సాయంత్రానికి గ్రూపులో బోలెడు ఫొటోలు పడతాయి, ప్రతిదాని కింద ఒక దండం బొమ్మో నిప్పు బొమ్మో పడుతుంది, అక్కడితో సరి. ఏ ఫొటో బాగుంది, ఏది బాలేదు అని ఎవరూ అనరు, అంటే వచ్చే ఆదివారం మొహాలు చూసుకోవాలి కదా. వీధుల్లో మామూలు జనాన్ని ఉన్నది ఉన్నట్టు తీసే స్ట్రీట్ ఫొటోగ్రాఫర్లు దేశాలు దాటి కట్టుకున్న జట్లకి, అంటే అంతర్జాతీయ కలెక్టివ్‌లు అని పేరు తెచ్చుకున్న గ్రూపులకీ, ఈ వాక్ గ్రూపులకీ అసలు తేడా ఇక్కడే ఉంది. కెమెరాల్లో, ఊళ్ళల్లో ఉన్న తేడా దీని ముందు చిన్నదే.

ఇన్ పబ్లిక్ అనే గ్రూపుని తీసుకుందాం. 2000లో లండన్‌లో నిక్ టర్పిన్ అనే ఫొటోగ్రాఫర్ మొదలుపెట్టాడు. అప్పటికి ఫ్లికర్ లేదు, అది 2004లో వచ్చింది, ఇన్‌స్టాగ్రామ్ అయితే 2010 దాకా లేదు. అంటే రోడ్డు మీద మామూలు జనాన్ని ఫొటోలు తీసేవాడికి ఆ ఫొటో చూపించుకునే చోటే లేదు, పేపర్‌వాడికి అందులో న్యూస్ ఉండదు, యాడ్ ఏజెన్సీకి అందులో అమ్మే సరుకుండదు, గ్యాలరీవాళ్ళకి అప్పట్లో అది పాత ఫ్యాషన్. అలాంటి టైంలో వేరువేరు దేశాల్లో ఎవరి మానాన వాళ్ళు తిరుగుతున్నవాళ్ళని పిలిచి ఒకే వెబ్‌సైట్ కింద పెట్టారు. బ్రిటన్ నుంచి మాట్ స్టువర్ట్, డేవిడ్ గిబ్సన్, డేవిడ్ సోలమన్స్, ఆస్ట్రేలియా నుంచి ట్రెంట్ పార్క్, నరెల్ ఆటియో, జెస్సీ మార్లో, అమెరికా నుంచి గస్ పావెల్, మెలనీ ఐన్‌జిగ్, బ్లేక్ ఆండ్రూస్, ఇలా. ఫీజు కట్టి చేరిపోయే పద్ధతి లేదు, వాళ్ళు పిలిస్తేనే చేరాలి. రూలు కూడా ఒక్కటే అనుకోవచ్చు, పబ్లిక్ ప్లేస్‌లో జరిగింది జరిగినట్టు తీయాలి, ఎవర్నీ నిలబెట్టి పోజు పెట్టించకూడదు, సీన్ సెట్ చెయ్యకూడదు. పదేళ్ళు నిండాక 2010లో లండన్‌లో ఎగ్జిబిషన్ కూడా పెట్టుకున్నారు.

దీన్ని మాగ్నమ్‌తో కలిపి చూసేవాళ్ళుంటారు, రెండూ ఒకటి కావు. మాగ్నమ్ 1947లో రాబర్ట్ కాపా, హెన్రీ కార్టియే బ్రెసాన్, జార్జ్ రాడ్జర్, డేవిడ్ సీమోర్ లాంటివాళ్ళు పెట్టుకున్న సహకార సంఘం, అందులో పనిచేసే ఫొటోగ్రాఫర్లే దాని ఓనర్లు. ఫొటో హక్కు మ్యాగజైన్‌కి పోకుండా తీసినవాడి దగ్గరే ఉండాలన్నది వాళ్ళ అసలు గొడవ, అంటే అది పొట్టకూటి యవ్వారం. ఫొటోలు అమ్మాలి, అసైన్‌మెంట్లు తేవాలి, ఆఫీసు నడపాలి. ఇన్ పబ్లిక్ లాంటి కలెక్టివ్‌కి ఈ బరువేదీ లేదు. సభ్యులు బతుకుతెరువుకి కమర్షియల్ పనో, వర్క్‌షాపులో, వేరే ఉద్యోగమో చేసుకుంటారు, వీధి ఫొటోలు ఖాళీ టైంలో. డబ్బులు రావు కాబట్టి డబ్బుల దగ్గర కొట్టుకోవడం కూడా తక్కువే, అయితే డబ్బు లేని చోట పట్టి ఉంచే తాడు కూడా ఉండదు, ఇలాంటి గ్రూపులు కొన్నేళ్ళకి సడిచెయ్యకుండా చల్లారిపోవడానికి పెద్ద కారణం అదే. ఇన్ పబ్లిక్ కూడా అలాగే ఉండిపోలేదు, తర్వాత కాలంలో పాత సభ్యులు చాలామంది బయటికొచ్చి అప్ ఫొటోగ్రాఫర్స్ అని వేరే గ్రూపు కట్టుకున్నారు.

మరి డబ్బూ రాక, ఒక ఊళ్ళో కలిసి తిరగడమూ లేక, కలెక్టివ్‌లో ఉండి ఏం లాభం? ఒక్క మాటలో చెప్పాలంటే, తీసిన ఫొటోలో ఏది పనికిరాదో మొహం మీద చెప్పే నలుగురు దొరుకుతారు. స్ట్రీట్ ఫొటోగ్రఫీలో తీయడం కంటే ఏరుకోవడం కష్టం. రోజంతా తిరిగి మూడొందల ఫ్రేములు తీస్తే వాటిలో ఒక్కటి నిలబడినా గొప్పే, ఆ ఒక్కటి ఏదో తీసినవాడికి తెలీదు. ఎందుకంటే వాడికి ఆ ఫొటో ఎంత ఎండలో తీశాడో గుర్తుంటుంది, ఎవరు కసురుకున్నారో గుర్తుంటుంది, ఆ కష్టమంతా ఫొటోలో కనిపిస్తుందని అనుకుంటాడు. చూసేవాడికి అవేమీ కనిపించవు. అమెరికాలో గ్యారీ వినోగ్రాండ్ అనే పెద్ద ఫొటోగ్రాఫర్ తీసిన రీలుని వెంటనే కడిగేవాడు కాదు, తీసినప్పటి హుషారు దిగిపోయాక చూడాలని నెలల తరబడి అలా ఉంచేసేవాడు, 1984లో పోయేనాటికి సుమారు 2,500 రీళ్ళు డెవలప్ చెయ్యకుండానే మిగిలిపోయాయి. ఆ దూరం కోసం ఆయన టైముని వాడుకున్నాడు, కలెక్టివ్ వాళ్ళు పక్కవాడి కళ్ళని వాడుకుంటారు, పని ఒకటే.

"అంతర్జాతీయ" అన్న ముక్కకి అసలు విలువ ఎక్కడుందో కూడా ఇక్కడే తెలుస్తుంది. చాలామంది దాన్ని హోదా అనుకుంటారు, ఫేస్‌బుక్ ప్రొఫైల్‌లో రాసుకోడానికి బాగుంటుందని. ఠాకురాణి జాతర ఫొటో ఒకటి తీసుకుని చూస్తే సంగతి అర్థమవుతుంది.

బరంపురంలో బుఢీ ఠాకురాణి జాతర రెండేళ్ళకోసారి ఎండాకాలంలో జరుగుతుంది, దాదాపు నెలరోజుల పండగ. అమ్మవారు పుట్టింటికి వస్తుందని నమ్మకం, ఆ పుట్టిల్లు పట్టు నేసే డేరా అనే కులం వాళ్ళ పెద్ద దేశీ బెహరా ఇల్లు, ఆ డేరాలు ఎప్పుడో తెలుగు దేశం నుంచి వలస వచ్చిన నేతపనివాళ్ళు. మొక్కున్నవాళ్ళు రకరకాల వేషాలు కడతారు, దేవుళ్ళ వేషాలు, పులి వేషాలు, పిల్లలకి కూడా వేస్తారు, రాత్రి పూట సందులన్నీ రంగులే. కెమెరా ఉన్న ప్రతివాడూ అక్కడే ఉంటాడు. ఇప్పుడు ఆ ఫొటో బరంపురంవాళ్ళే ఉన్న గ్రూపులో పెడితే "అమ్మవారి దయ, సూపర్ అన్నా" అంటారు, వాళ్ళు చూసేది మన జాతరని, ఫొటోని కాదు. అదే ఫొటో మొత్తం విదేశీవాళ్ళే ఉన్న చోట పెడితే నీలం రంగు పూసుకున్న దేవుడు రోడ్డు మీద నిలబడితే చాలు నోరు తెరుస్తారు, వాళ్ళు చూసేదీ ఫొటోని కాదు, వింతని. రెండు చోట్లా ఫొటోగ్రాఫర్‌కి మెప్పు వస్తుంది, ఇద్దరివల్లా ఏమీ తెలీదు. ఈ ఇద్దరినీ ఒకే టేబుల్ దగ్గర కూర్చోబెడితే మాత్రం కథ మారిపోతుంది. జాతర ఫొటో అన్న భక్తి మెల్బోర్న్‌వాడి దగ్గర చెల్లదు, రంగులు చూసి మురిసిపోవడం బరంపురంవాడి దగ్గర చెల్లదు, ఇంక మిగిలేది ఆ ఫ్రేములో నిజంగా ఏముందన్నదే.

ఉదాహరణకి, శివుడి వేషం కట్టినవాడు సెల్‌ఫోన్ చూసుకుంటున్న ఫొటో. ప్రతి జాతరకీ ఇది పడుతుంది, లైకులు దండిగా వస్తాయి. సీరియస్ గ్రూపులో ఎవడైనా దీన్ని మొదటి రౌండులోనే పక్కన పెట్టేస్తాడు, ఎందుకంటే కాశీలో సాధువు సెల్‌ఫోన్, లండన్‌లో రాణిగారి గార్డు సెల్‌ఫోన్, హాలోవీన్‌లో దెయ్యం సెల్‌ఫోన్, ఈ జోకు ప్రపంచమంతా పాతబడిపోయింది. అదే, పులి వేషం కుర్రాడు అలిసిపోయి మూసేసిన షాపు షట్టర్‌కి ఆనుకున్నాడు, వాళ్ళమ్మ చీర కొంగుతో వాడి కళ్ళ చుట్టూ కారుతున్న పసుపు రంగు తుడుస్తోంది, కానీ ఆవిడ చూపు వాడి మీద లేదు, డప్పుల వాళ్ళు ముందుకెళ్ళిపోతున్నారేమోనని అటు చూస్తోంది, షట్టర్ మీద పెయింట్‌తో రాసిన ఫోన్ నంబరు సగం వాడి తోక వెనకాల దాక్కుంది, అనుకుందాం. ఈ ఫొటోకి క్యాప్షన్ అక్కర్లేదు. తొందర, అలసట, మొక్కు మూడూ ఒక్కచోట కనిపిస్తాయి, ఠాకురాణి ఎవరో తెలియనివాడికి కూడా. ఇలాంటి తేడా చెప్పగలిగే నలుగురు లేకపోతే మొదటి ఫొటో ఫ్రేము కట్టించుకుంటారు, రెండోది హార్డ్‌డిస్కులో పడి ఉంటుంది.

మన దగ్గర ఈ ఏరివేతని పాడుచేసినదాంట్లో సలాన్ అనే ఫొటో పోటీల వాటా తక్కువేం కాదు (ఈ మాటకి చాలామందికి కోపం రావచ్చు, రానీ). ఫియాప్ అనే అంతర్జాతీయ ఫొటోగ్రఫీ సమాఖ్య, పీఎస్‌ఏ అనే అమెరికా ఫొటోగ్రఫీ సొసైటీ లాంటి సంస్థల గుర్తింపుతో దేశదేశాల్లో పోటీలు జరుగుతాయి, ఎంట్రీ ఫీజు కట్టి ఫొటోలు పంపాలి, యాక్సెప్టెన్సులు పోగుచేసుకుంటే ఏఫియాప్, ఈఫియాప్ అని పేరు చివర బిరుదులు వస్తాయి. ఆ దారిలో టెక్నిక్ బాగా వస్తుంది, కాదనలేం. కానీ జడ్జీ కొన్ని క్షణాల్లో మార్కు వేసేస్తాడు కాబట్టి ఆ క్షణాల్లో కంటికి తగిలే ఫొటోలే గెలుస్తాయి, ముడతల మొహం తాత, కిటికీలోంచి వెలుగు, పొగ, ఎర్ర చీర. పోజు పెట్టించిందా కాదా అని అడిగేవాడు తక్కువ. ఓడిపోయిన ఫొటో ఎందుకు ఓడిందో ఎవరూ చెప్పరు, అంకె వస్తుంది అంతే. బిరుదు ఒక్కడికి వస్తుంది, కలెక్టివ్‌లో నేర్చుకునేది పదిమందీ కలిపి. మన దేశంలోనూ ఈ రెండో దారి పట్టినవాళ్ళున్నారు, ముంబయిలో కౌశల్ పారిఖ్ మొదలుపెట్టిన దట్స్ లైఫ్ అలాంటిదే.

సలాన్ అలవాటు సరిహద్దు జిల్లాల్లో ఇంకో చెడ్డపని కూడా చేసింది. రాయగడ జిల్లా చాటికోనలో బుధవారం సంతకి డొంగ్రియా కోందులు కొండ దిగి వస్తారు, ఒనకడిల్లి వైపు గురువారం సంతకి బోండా ఆడవాళ్ళు వస్తారు, అక్కడికి కార్లలో లెన్సులేసుకుని దిగేవాళ్ళు, పది రూపాయలిచ్చి ఇలా చూడు అలా చూడు అని నిలబెట్టేవాళ్ళు ఎంతోమంది. ఒడిశా ప్రభుత్వం 2012లో పీవీటీజీలు అనే, ప్రత్యేక రక్షణ అవసరమైన ఇలాంటి ఆదివాసీ తెగల ప్రాంతాల్లో ఫొటోలూ వీడియోలూ తీయడం మీద ఆంక్షలు పెట్టింది, ఊరికే పెట్టలేదు. దీన్ని స్ట్రీట్ ఫొటోగ్రఫీ అని పిలవడం కుదరదు, పోజు లేకపోవడం అన్న మొదటి రూలుకే ఇది నిలబడదు, ఎదుటి మనిషికి కాదనే వీలు లేదన్నది అంతకంటే పెద్ద విషయం.

లండన్ రూలు మన ఊళ్ళో యథాతథంగా పనిచెయ్యని చోటు ఒకటుంది. లండన్ ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో ఎవడూ ఎవడికీ తెలీదు, ఫొటోగ్రాఫర్ గుంపులో కలిసిపోతే చాలు, మాట్ స్టువర్ట్‌లాంటివాడు అలా ఏళ్ళ తరబడి అవే వీధుల్లో తిరుగుతాడు. బరంపురం బడాబజార్‌లోనో గోపాలపూర్ బీచిలోనో గుంపులో కలిసిపోవడం ఎలా కుదురుతుంది? కెమెరా తీసీ తియ్యకముందే "ఏటి బాబూ, ఏ పేపరు?" అని ఒకాయన, "ఫొటో కాహింకి?" (ఫొటో ఎందుకు?) అని ఒడియాలో పక్కాయన, ఆ తర్వాత "మీది ఏ ఊరు, ఎవరి తాలూకు" దాకా వెళ్తుంది. పిల్లలైతే రెండు వేళ్ళూ చూపించుకుంటూ లెన్సు ముందుకే వచ్చేస్తారు. కాబట్టి దాక్కుని దొంగచాటుగా జూమ్ లెన్సుతో తీయడమే దారి అని కొందరు అనుకుంటారు, 70-200 తగిలించి రోడ్డుకి అవతల నుంచి లాగుతారు. అలా తీసిన ఫొటో చదునుగా, సీసీటీవీలాగ ఉంటుంది, పైగా పట్టుబడితే జవాబు చెప్పుకోవడం కూడా కష్టం.

ఇక్కడ పనిచేసేది దీనికి తలకిందులు పద్ధతి, అందరికీ కనిపిస్తూ అక్కడే ఉండిపోవడం. గోపాలపూర్‌లో తెలుగు మాట్లాడే నోలియాలు, వాడబలిజలు, పొద్దున్నే పడవలు ఒడ్డుకి లాగే దగ్గర మొదటి పది నిమిషాలు అందరూ కెమెరానే చూస్తారు, అరగంటకి విసుగొస్తుంది, వలలో చేప ఎంతుంది, వ్యాపారి ఎంతకి అడుగుతున్నాడు అన్న బేరం మొదలయ్యాక ఫొటోగ్రాఫర్ ఉన్నాడో పోయాడో ఎవరికీ పట్టదు. అప్పుడు 28 ఎంఎం వెడల్పు లెన్సు, ఎఫ్8 దగ్గర (అంటే లెన్సు రంధ్రం చిన్నది చేసి), ఫోకస్ రెండున్నర మీటర్లకి చేత్తో పెట్టేసుకుంటే ఫుల్‌ఫ్రేమ్ (పాత ఫిల్ము ఫ్రేమంత సెన్సరున్న) కెమెరాలో సుమారు మీటరున్నర నుంచి పది మీటర్ల దాకా అన్నీ షార్ప్‌గానే వస్తాయి, ఆటోఫోకస్ కోసం ఆగక్కర్లేదు. 35 ఎంఎం లెన్సు అయితే ఆ లెక్క ఒకటీ ముప్పావు నుంచి అయిదు మీటర్ల లోపుకి తగ్గుతుంది. ఫోన్ల మెయిన్ కెమెరా ఎలాగూ 24, 26 ఎంఎం దగ్గర ఉంటుంది కాబట్టి ఖరీదైన సామాను లేదన్న బెంగ పెట్టుకోనక్కర్లేదు. రెండున్నర మీటర్లంటే మాట వినిపించే దూరం, ఎవడైనా "ఎందుకు" అంటే అక్కడికక్కడే తెలుగులోనో ఒడియాలోనో చెప్పగలిగే దూరం. రెండు భాషలూ నోట్లో ఉన్న సరిహద్దు కుర్రాడికి బయటినుంచి ఫ్లయిట్ దిగినవాడి కంటే ఇది పెద్ద ఆస్తి.

చట్టం సంగతికొస్తే దేశానికో తీరు. బ్రిటన్‌లో పబ్లిక్ ప్లేస్‌లో ఫొటో తీయడం నేరం కాదు గానీ, టెర్రరిజం చట్టంలోని సెక్షన్ 44 పట్టుకుని పోలీసులు ఫొటోగ్రాఫర్లని ఆపి సోదా చేసేవాళ్ళు, యూరప్ మానవహక్కుల కోర్టు 2010లో తప్పుపట్టాక అదే ఏడు ఆ పవర్లు ఆపేశారు. జర్మనీలో అయితే మనిషి బొమ్మ బయటపెట్టాలంటే ఆ మనిషి ఒప్పుకోవాలన్న పాత చట్టముంది, బెర్లిన్‌లో ఒక ఫొటోగ్రాఫర్ వీధిలో తీసిన ఒకావిడ ఫొటో ఎగ్జిబిషన్‌లో పెద్దగా పెడితే ఆవిడ కోర్టుకెళ్ళింది, 2018లో రాజ్యాంగ కోర్టు స్ట్రీట్ ఫొటోగ్రఫీ కూడా కళే అని ఒప్పుకుంటూనే ఆ ఫొటోగ్రాఫర్ పిటిషన్ తీసుకోలేదు. న్యూయార్క్‌లో దాదాపు అలాంటి కేసులోనే 2006లో కోర్టు ఫొటోగ్రాఫర్ పక్కన నిలబడింది. ఒకే కలెక్టివ్‌లో ఈ మూడు దేశాలవాళ్ళూ ఉంటే ఒకరి పోర్ట్‌ఫోలియోలో ఉన్న ఫొటో ఇంకొకరి దేశంలో గోడకెక్కించలేని పరిస్థితి.

మన దగ్గర రోడ్డు మీద ఫొటో తీయకూడదనే చట్టం లేదు. 2017లో సుప్రీంకోర్టు ఇచ్చిన పుట్టస్వామి తీర్పుతో ప్రైవసీ ప్రాథమిక హక్కయింది, ఆడవాళ్ళ ఏకాంతాన్ని ఫొటో తీయడం శిక్ష పడే నేరం, డిఫెన్స్ స్థలాల దగ్గర అఫీషియల్ సీక్రెట్స్ చట్టం ఉంది, గోపాలపూర్ పక్కనే గోలబందలో ఆర్మీ ఎయిర్ డిఫెన్స్ కాలేజీ ఉందన్న సంగతి బీచి ఫొటోలకి పోయేవాళ్ళు గుర్తుంచుకోవాలి. కానీ ఊళ్ళో నిజంగా ఎదురయ్యేది చట్టం కాదు, సందు చివర పెద్దమనిషి. ఆయన్ని సెక్షన్లతో ఒప్పించలేం, ఫొటో చూపించి ఒప్పించాలి, ఒప్పుకోకపోతే డిలీట్ చెయ్యాలి.

ఆడవాళ్ళ విషయం కూడా ఇక్కడే చెప్పుకోవాలి. పేరున్న కలెక్టివ్‌లన్నిట్లో మగవాళ్ళే ఎక్కువ, ఇన్ పబ్లిక్‌లోనూ ఆడవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. 2017లో గుల్నారా సమోయిలోవా అనే ఫొటోగ్రాఫర్ విమెన్ స్ట్రీట్ ఫొటోగ్రాఫర్స్ అనే గ్రూపు మొదలుపెట్టింది ఆ లోటు చూసే. మన జాతరల్లో ఆడవాళ్ళ వరసలో, బిందెలు పట్టుకుని నిలబడే చోట, కెమెరా పట్టుకున్న మగవాడు వెళ్ళలేడు, వెళ్ళకూడదు కూడా. గ్రూపులో ఆడపిల్లలు లేరంటే సగం జాతర ఫొటోల్లో లేనట్టే.

మరి సరిహద్దులో ఒక కలెక్టివ్ కడితే ఎలా ఉండాలి? విదేశీ పేరున్న గ్రూపు పిలుపు కోసం చూస్తూ కూర్చోనక్కర్లేదు, బరంపురం స్టేషన్ ప్లాట్‌ఫాం చాలు మొదలుపెట్టడానికి. గంజాం నుంచి సూరత్ పవర్‌లూమ్‌లకి వెళ్ళేవాళ్ళు, శ్రీకాకుళం నుంచి వలసపోయేవాళ్ళు అదే లైన్ మీద తిరుగుతుంటారు, 2020 లాక్‌డౌన్‌లో వెనక్కొచ్చిన రైళ్ళు ఇదే దారిన వచ్చాయి, ఈ రాకపోకల్ని ఏళ్ళ తరబడి పట్టుకున్న ఫొటోల వరస ఒక్కటి బయటికి రావాల్సి ఉంది. ఇచ్ఛాపురంలో ఇద్దరు, బరంపురంలో ముగ్గురు, పర్లాకిమిడిలో ఒకరు, సూరత్‌లో పనిచేస్తున్న కుర్రాడు ఒకడు, కుదిరితే ఢాకాలోనో మెల్బోర్న్‌లోనో మన జాతర గురించి ఏమీ తెలియని మనిషి ఒకరు, పదిమంది లోపే. నెలకి ఒక్కొక్కరు అయిదు ఫొటోలు మించి పెట్టకూడదు. పేరు లేకుండా పెట్టాలి, క్యాప్షన్ లేకుండా పెట్టాలి, నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో ఒక వాక్యమైనా రాయాలి, దండాలూ నిప్పులూ బంద్. ల్యాబులో నాలుగు బై ఆరు ప్రింట్లు వేయించుకుని నేల మీద పరిచి ఏరుకుంటే ఇంకా మంచిది, ఫోన్‌లో ఒక్కో ఫొటో విడిగా కనిపిస్తుంది, నేల మీద ఒకదాని పక్కన ఒకటి పెట్టినప్పుడు కదా రెండు ఫొటోలూ ఒకే జోకు చెప్తున్నాయని బయటపడేది.

ముందే రాసుకోవాల్సిన పేచీలు కొన్నున్నాయి, స్నేహం మీద వదిలేస్తే తర్వాత తన్నుకుంటారు. ఫొటో హక్కు తీసినవాడిదే, గ్రూపుది కాదు. గ్రూపు పేజీ పాస్‌వర్డ్ ఇద్దరి దగ్గర ఉండాలి, ఒక్కడి దగ్గరే ఉంటే వాడికి పెళ్ళై దుబాయ్ వెళ్ళాక పేజీ కూడా దుబాయ్ వెళ్ళిపోతుంది. ఎగ్జిబిషన్ ప్రింట్ల ఖర్చు తలా ఇంత అని ముందే అనుకోవాలి. ఏడాదిపాటు ఒక్క ఫొటో కూడా పెట్టని సభ్యుడిని ఏం చెయ్యాలో కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. ఫొటోలో ఉన్న మనిషి వచ్చి తీసెయ్యమంటే ఎవరు జవాబు చెప్పాలి, ఎన్నాళ్ళలో తీసెయ్యాలి, పిల్లల ఫొటోలకి ఊరి పేరు, వీధి పేరు పెట్టాలా వద్దా, ఇవన్నీ మొదటి మీటింగులోనే రాసేసి, ఆ కాగితం ఒడియాలో ఒకటి, తెలుగులో ఒకటి ఉంచుకుంటే సందు చివర పెద్దమనిషికి చూపించడానికి కూడా పనికొస్తుంది.